దిష్టి మాట నిలిచింది, డ్రెయిన్ మాట కొట్టుకుపోయింది

కేశనపల్లి కొబ్బరితోటలు చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. చెట్టు నిలబడే ఉంటుంది, తల ఉండదు. ముందు కింది మట్టలు వేలాడతాయి. పిందె రాలుతుంది. కాయ చిన్నదవుతుంది. తర్వాత మొవ్వు వాలిపోయి చివరికి కరెంటు స్తంభంలా మాను ఒక్కటే మిగులుతుంది. రాజోలు నియోజకవర్గంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఇదే వరస. చేలల్లో మురుగు సముద్రంలోకి దిగడానికి ఉన్న కాలువ అది. ఇప్పుడు పోటు వేళ సముద్రమే ఆ కాలువలోకి ఎదురెక్కి వస్తోంది. ఉప్పునీరు తోటల్లోకి ఊరుతోంది. కొబ్బరి కొంత ఉప్పుకు తట్టుకుంటుంది గానీ, వేళ్ళు నెలల తరబడి అందులోనే నానితే ఏ చెట్టూ బతకదు.

2025 నవంబరు ఆఖరి వారంలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు ఆ తోటలు చూడటానికి వచ్చారు. రైతులతో మాట్లాడారు. శాశ్వత పరిష్కారం చూస్తామన్నారు. వచ్చి చూసినందుకు సంతోషించాలి. చూడకుండా పోయినవాళ్ళు అంతకుముందు చాలామంది ఉన్నారు. కానీ ఆ పర్యటనలోనే, కోనసీమ పచ్చదనానికి తెలంగాణవాళ్ళ దిష్టి తగిలిందని అర్థం వచ్చే మాట ఒకటి ఆయన నోట వచ్చింది. ఇక అంతే. ఆ ముక్క కత్తిరించి ఫోన్లలోకి వదిలారు. తెలంగాణ మంత్రులు క్షమాపణ చెప్పాలన్నారు, సినిమాలు ఆడనివ్వమన్నారు. జనసేన వాళ్ళు మాటను వక్రీకరించారన్నారు. టీవీల్లో నలుగురేసి కూర్చుని అరుచుకున్నారు.

మా బావమరిది హైదరాబాదులో ఉంటాడు. పుట్టింది మలికిపురం దగ్గరే. ఆ వారం ఫోన్ చేసి, "ఏంటి బావా, మీ దిష్టి గొడవ ఎంతవరకొచ్చింది?" అని నవ్వాడు. "డ్రెయిన్ సంగతి విన్నావా?" అంటే, "ఏ డ్రెయిన్?" అన్నాడు.

వాడిని అనుకుని లాభం లేదు. మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ వారం ఏం వచ్చిందో నేను వెనక్కి వెళ్ళి చూశాను. దిష్టి మీద వచ్చినవి లెక్కపెట్టలేక మధ్యలో వదిలేశాను. డ్రెయిన్ మీద వచ్చినవి మూడు. అందులో ఒకటి నాది. అబద్ధమెందుకు, దిష్టి మీద ఒక బొమ్మ నేను కూడా ముగ్గురికి పంపాను. నవ్వొచ్చింది, పంపాను. చెట్లు పోయిన రైతు కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

అది పొరపాటున జారిన మాటా, కావాలని అన్న మాటా అన్నది నాకు అనవసరం. ఒక ఉపన్యాసంలో మనకు పనికొచ్చే మాట ఏది, ఊరంతా తిరిగే మాట ఏది అన్నదే నా ప్రశ్న. ఈ రెండూ ఇప్పుడు వేరైపోయాయి. ఇదివరకు మీటింగుకు వెళ్ళినవాడు గంట కూర్చుని మొత్తం విని, ఇంటికొచ్చి పదిమందికి చెప్పేవాడు. చెప్పేటప్పుడు తన చేనుకు సంబంధించిన మాట ముందు చెప్పేవాడు. ఇప్పుడు ఏ ముక్క ఇంటికి రావాలో మనం ఏరుకోవడం లేదు. ముక్కలు చేసేవాడు ఎవడో ఏరుతున్నాడు. వాడికి పోటు తెలీదు, పాటు తెలీదు. ఎన్నిసార్లు చూశారన్న లెక్క ఒక్కటే తెలుసు.

నాయకులు కూడా దీనికి అలవాటు పడిపోయారు. ముక్కగా పనికొచ్చే మాట కోసమే ఇప్పుడు ఉపన్యాసం రాయిస్తున్నారు. రాసేవాళ్ళు అద్దెకు వస్తున్నారు. 2019 ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు ప్రశాంత్ కిశోర్ గారి ఐ-ప్యాక్ పనిచేసింది. 2024లో తెలుగుదేశానికీ అలాంటి సంస్థ ఒకటి పనిచేసింది. ఇందులో రహస్యమేమీ లేదు, పేపర్లన్నీ రాసినవే. ఆ పార్టీ ఈ పార్టీ అని కాదు, ఇవాళ సలహాదారు లేకుండా మైకు పట్టుకునే పార్టీ కనపడదు. మొన్నామధ్య మా వైపు కొబ్బరి రైతుల సభకు ఒక నాయకుడు వచ్చాడు, పేరు చెప్పను. జేబులోంచి ఫోన్ తీసి చూసుకుంటూ మాట్లాడాడు. బిందు సేద్యానికి రాయితీ ఇస్తామన్నాడు. చుక్క నీటిని కూడా ఒడిసి పట్టాలన్నాడు. ఆ పూట మేము కూర్చున్న పందిరి వెనక చేలో మోకాలు లోతు నీళ్ళున్నాయి! కోనసీమ రైతు నీళ్ళు రాక ఏడ్చిన రోజులకన్నా నీళ్ళు పోక ఏడ్చిన రోజులే ఎక్కువ. ఎక్కడో మెట్ట ప్రాంతం కోసం రాసిన కాగితం మా ఊరొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు, అది మరీ బాధ. ఆ చప్పట్ల వీడియో రాత్రికి ఫోన్లలో తిరిగింది.

దీంట్లో నవ్వుకుని వదిలేయాల్సింది కొంత ఉంది, వదిలేయకూడనిది కొంత ఉంది. వదిలేయకూడనిది మాటల ఎంపిక. అద్దె రచయితకు మన చేను తెలియకపోవచ్చు గానీ మాటను ఎలా పేనాలో బాగా తెలుసు. వేదిక మీద నిండుగా వినబడాలి, జీవో దగ్గరికి వచ్చేసరికి జారిపోయేందుకు సందు ఉండాలి. ఆ సందు చాలాసార్లు ఒక్క మాటలో ఉంటుంది.

"ఖర్చు" అనే మాట తీసుకోండి. 2014 ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీ, సాగు ఖర్చు మీద యాభై శాతం లాభం రైతుకు దక్కేలా చూస్తామంది. స్వామినాథన్ కమిషన్ 2006లో చెప్పిన మాటే కాబట్టి దేశమంతా చప్పట్లు కొట్టాం. 2015 ఫిబ్రవరికల్లా అదే కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో, అలా ఇస్తే మార్కెట్ దెబ్బతింటుంది, కుదరదు అని అఫిడవిట్ వేసింది. 2018 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో మళ్ళీ ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని చెప్పారు. కుదరనిది మూడేళ్ళలో ఎలా కుదిరింది? ఖర్చు అన్న మాటకు అర్థం మారిపోయింది. వాళ్ళు లెక్క కట్టేది ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్. అంటే విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలి వగైరా చేతినుంచి పెట్టిన ఖర్చులు, వాటికి ఇంటిల్లిపాది చాకిరీ విలువ. మనం అడిగేది సి2. దాంట్లో సొంత భూమికి రావలసిన కౌలు విలువ, మన పెట్టుబడికి వడ్డీ కూడా ఉంటాయి. 2025-26 సార్వాకు సాధారణ రకం ధాన్యం ఖర్చు క్వింటాకు 1,579 రూపాయలని లెక్కేసి, మద్దతు ధర 2,369 అన్నారు. సరిగ్గా ఒకటిన్నర రెట్లు. బస్తా 75 కేజీలకు 1,777 రూపాయలు. కాగితం మీద అబద్ధం ఎక్కడా లేదు. కౌలు రైతు కట్టే కౌలు ఏ2లో కలుస్తుందంటారు, నిజమే. కానీ అది దేశం మొత్తం సగటులో కలిసేసరికి, అయినవిల్లిలోనో అల్లవరంలోనో కౌలురైతు ఎకరానికి కొలిచే బస్తాలు సముద్రంలో కాకిరెట్టంత అవుతాయి.

మన రాష్ట్రంలో "కలిపి" అనే మాట ఉంది. రైతు భరోసా 12,500 అని ప్రచారం చేసి, వచ్చాక 13,500 ఇచ్చారు. వెయ్యి ఎక్కువే ఇచ్చాం అన్నారు. అందులో 6,000 కేంద్రం పీఎం కిసాన్ కింద వేసేది, రాష్ట్రం వేసేది 7,500. తర్వాత వచ్చినవాళ్ళు అన్నదాత సుఖీభవ కింద 20,000 అన్నారు. దాంట్లోనూ అదే 6,000 కలిపే, రాష్ట్రం వేసేది 14,000. ఒకే ఆరువేలు రెండు పార్టీల సభల్లోనూ చప్పట్లు కొట్టించుకుంది. అంతకుముందు 2014లో వ్యవసాయ రుణాలన్నీ మాఫీ అన్న మాట, గెలిచాక కుటుంబానికి లక్షన్నర దాకా, అదీ వాయిదాల మీద అయింది. ఇక "అర్హులైన" అనే మాట సంగతి కౌలు రైతులనే అడగండి. కార్డు లేక, కార్డు కోసం భూయజమాని సంతకం దొరక్క, ఆ ఒక్క మాట దగ్గరే ఎంతమంది ఆగిపోయారో వాళ్ళు చెబుతారు.

ఇదంతా కొత్తగా పుట్టిన రోగం, పాతకాలమంతా పాలూ తేనే అని నేననడం లేదు. పాత నాయకులూ కోతలు కోశారు. మా సంఘంలో పెద్దల ఉపన్యాసాలు కూడా గంటన్నర సాగేవి, అందులో గంట అంతర్జాతీయ పరిస్థితి. నేను మాట్లాడినా జనం బీడీ కాల్చుకోవడానికి లేచి వెళ్ళినవాళ్ళే. కానీ రైతు తన మాట తాను తయారుచేసుకున్న సందర్భాలు మనకు ఉన్నాయి. వాటిని మరిచిపోయి అద్దె మాటల వెంట పడుతున్నాం కాబట్టి చెబుతున్నాను.

1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు రైతు యాత్ర నడిచింది. తొమ్మిది జిల్లాలు, 130 రోజులు, పదిహేను వందల మైళ్ళ పైన. దారి పొడుగునా వందల సభలు. ఇప్పటి పాదయాత్రలు కూడా ఇచ్ఛాపురం పేరే చెబుతాయి. 2003లో రాజశేఖరరెడ్డి గారి యాత్రా అక్కడే ముగిసింది, 2019 జనవరిలో జగన్మోహనరెడ్డి గారి యాత్రా అక్కడే ముగిసింది. తేడా ఎక్కడుందంటే, ఇప్పటి యాత్రలో నాయకుడు ఊరూరా మాట ఇస్తూ నడుస్తాడు. ఆనాటి యాత్రికులు ఊరూరా మాట తీసుకుంటూ నడిచారు. మద్రాసు చేరేసరికి వాళ్ళ దగ్గర పదకొండు వందలకు పైగా అర్జీలున్నాయి. 1938 మార్చి 27న వాటిని శాసనసభకు అందజేశారు. ఫలానా ఊళ్ళో శిస్తు ఎంత, ఫలానా జమీందారు ఏం వసూలు చేస్తున్నాడు, చెరువు గండి ఎవరు పూడ్చాలి, ఇలాంటివే కదా రైతు అర్జీలో ఉండేవి. సలహాదారు చక్కదిద్దిన వాక్యాలు కావవి. జమీందారీ రైతుల కష్టాల మీద ప్రకాశం గారి అధ్యక్షతన విచారణ సంఘం పనిచేసింది కూడా ఆ కాలంలోనే. అంతకు కొద్ది ముందే ఎన్.జి. రంగా గారు నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టారు. రైతు బిడ్డలు రాజకీయం, అర్థశాస్త్రం నేర్చుకుని తమ ఊరి సంగతి తామే సభల్లో నిలబడి చెప్పగలగాలన్నది దాని ఉద్దేశం. రంగా గారి రాజకీయాలతో మనలో చాలామందికి పేచీ ఉంది, నాకూ ఉంది. ఆ పని మాత్రం మళ్ళీ ఎవరూ అంత పట్టుగా చేయలేదు.

అంత దూరం ఎందుకు, 2011 సార్వా గుర్తుందా? గిట్టుబాటు లేదు, మద్దతు ధరకు కొనేవాడు లేడు, కూలి పెరిగింది, డ్రెయిన్లు పూడిపోయాయి. ఆకుమడి కట్టం, ఊడ్చం అని కోనసీమ రైతులు చేలు బీడు పెట్టారు. తొంభై వేల ఎకరాల పైన అని అప్పటి పేపర్లు రాశాయి. ఢిల్లీ నుంచి విలేకరులు అమలాపురం దారి వెతుక్కుంటూ వచ్చారు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ వేసి మన మాట వినడానికి పంపింది. దానికి ఏ రచయితా లేడు. ఊడ్వని చేనే మన ఉపన్యాసం. ఒక్క పేరు విషయంలోనే మనం పొరపాటు చేశామని ఇప్పటికీ అనుకుంటాను. క్రాప్ హాలిడే అన్నాం. హాలిడే అనేది నెల జీతం ఉన్నవాడికి. పంట మానుకుని పస్తులకు సిద్ధపడ్డవాడు సెలవు తీసుకున్నట్టు వినపడింది దేశానికి. 2022లో కొన్ని మండలాల్లో మళ్ళీ అదే పని చేసినప్పుడూ అదే పేరు వాడాం.

ఆ 2022 గురించి ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పడం కష్టంగా ఉన్నా. మే 24న అమలాపురంలో జరిగింది మనందరికీ తెలుసు. జిల్లాకు అంబేద్కర్ గారి పేరు పెట్టడం మీద రేగిన గొడవలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. ఆ మంటకు ముందు రోజుల్లో మన ఫోన్లలో ఏం తిరిగిందో ఎవరికి వాళ్ళకు తెలుసు. ఎవరు రాశారు? అడుగున సంతకం లేదు. వేదికెక్కి అదే మాట అని ఉంటే, అన్నవాడి మొహం తెలిసేది, నిలదీసేవాళ్ళం. సంతకం లేని మాటను వందమంది మోసుకుపోయారు, కేసులు మాత్రం మన ఊళ్ళ కుర్రాళ్ళ మీద పడ్డాయి. తర్వాత దాదాపు రెండు వారాలు ఇంటర్నెట్ లేదు. ఒకే చేలో ఊడ్చేవాళ్ళూ ఊడ్పించేవాళ్ళూ మొహాలు చూసుకోలేని పరిస్థితి వచ్చింది. ఆ ఏడు సార్వా పనులకు ఒకరినొకరు పిలుచుకోవడానికి ఎంత ఇబ్బంది పడ్డామో, రైతు సంఘంగా మనం ఒక్కసారైనా కూర్చుని మాట్లాడుకున్నామా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన కార్యవర్గంలో ఒక ప్రతిపాదన నడుస్తోంది. సంఘం ప్రచారం మొత్తం పట్నంలో ఉన్న ఒక సంస్థకు అప్పజెబుదామని. నెలకింతని ఇస్తే వీడియోలు, బొమ్మలు, నాయకుల ఉపన్యాసాలు వాళ్ళే తయారుచేస్తారట. కుర్రాళ్ళు గట్టిగా అంటున్నారు. వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. "బాబాయ్, మీరు నాలుగు పేజీల కరపత్రం వేస్తే దాంట్లో పకోడీలు కట్టుకుంటున్నారు" అన్నాడు మా ఊరి కుర్రాడు ఒకడు. నిజమే, నా కళ్ళారా చూశాను.

అయినా నేను దీన్ని వ్యతిరేకిస్తున్నాను. డబ్బు సంగతి కాదు, అదీ తక్కువేం కాదు. పార్టీలకు వాళ్ళు ఏం రాశారో మనకూ అదే రాస్తారు. కన్నీళ్ళు పెట్టుకునే రైతు బొమ్మ, నాగలి, ఎద్దులు, వెనక పాట. కోనసీమలో ఎద్దుల నాగలి చూసి ఎన్నేళ్ళయిందండీ? పవర్ టిల్లరు వాయిదా కట్టలేక ఏడ్చే రైతును వాళ్ళు ఎక్కడ చూస్తారు? దింపు తీసే మనిషి దొరక్క కాయ చెట్టు మీదే ఉండిపోయిన తోట వాళ్ళకు అందంగా కనపడుతుంది.

ఫోన్ వద్దని కాదు నా వాదన. పకోడీల మాట అన్న ఆ కుర్రాడే, పోటు వేళ డ్రెయిన్ గట్టు మీద నిలబడి నిమిషంన్నర వీడియో తీశాడు. పాట లేదు, రంగులు లేవు. తేదీ, వేళ చెప్పాడు, ఊరు చెప్పాడు, తన పేరు చెప్పాడు. నీళ్ళు ఏ వైపు నుంచి ఏ వైపుకు పోతున్నాయో ఒక కొబ్బరి పీచు పడేసి చూపించాడు. ఆ పీచు సముద్రం వైపు పోకుండా మన తోటల వైపు కొట్టుకొచ్చింది. ఆ వీడియో లక్షమంది చూడలేదు. చూడవలసిన ఇంజనీరు ఒకాయన చూసి ఫోన్ చేశాడు, అది చాలు. ఆ కుర్రాడికి ఏ సంస్థా నేర్పలేదు. అలాంటి వాళ్ళు ఊరికి ఇద్దరు ఉంటారు. మనం డబ్బు పెట్టదలుచుకుంటే వాళ్ళ దారి ఖర్చులకు పెడదాం.

నేను అడిగేవి ఇవి. మన సంఘం పేరుతో వెళ్ళే ప్రతి మాట కింద రాసినవాళ్ళ పేరు, ఊరు ఉండాలి. లేనిది మన గ్రూపుల్లో ఎవరు పెట్టినా తీసెయ్యాలి, నేను పెట్టినా సరే. ఏ పార్టీ నాయకుడు మన సభకు వచ్చినా, ఆయన మైకు పట్టుకునే ముందు ఆ ఊరి రైతో, కౌలు రైతో, కూలికి వెళ్ళే ఆడమనిషో అరపేజీ రాసుకున్నది చదవాలి. ఎన్ని ఎకరాలు, ఎన్ని చెట్లు, ఎన్ని బస్తాలు, ఎవరి దగ్గర ఎంత బాకీ, అంతే. ఆయన దానికి ఏం జవాబిచ్చారో తేదీ వేసి ఈ పత్రికలో అచ్చు వెయ్యాలి. ఆరు నెలల తర్వాత ఆ మాట పక్కనే ఏం జరిగిందో అచ్చు వెయ్యాలి. శంకరగుప్తం డ్రెయిన్ మాటతోనే మొదలుపెడదాం. ఆ రోజు ఏం హామీ ఇచ్చారో విన్న రైతులు ఉన్నారు. వాళ్ళ చేతే రాయిద్దాం.

సంక్రాంతి వెళ్ళాక జరిగే కార్యవర్గంలో ఈ తీర్మానం పెడతాను. డ్రెయిన్ వెంట ఊళ్ళవాళ్ళు తమ తోటలో పోయిన చెట్లు, మొవ్వు వాలినవి, ఇంకా కాయ ఉన్నవి విడివిడిగా లెక్కపెట్టి, సర్వే నంబరుతో సహా రాసుకుని రండి. సంస్థకు అప్పజెప్పాలన్నవాళ్ళు కూడా తమ వాదన రాసుకుని రండి. అందులో ఒక్క అక్షరం మార్చకుండా దాన్ని ఇదే పత్రికలో వచ్చే నెల వేయమని నేనే అడుగుతాను.